బ్యాంకు తూచేది ఇంటిని, చదువును కాదు

విదేశీ చదువుకు బ్యాంకు అప్పు మంజూరు చేసిందంటే ఆ చదువు మంచిదని అర్థం కాదు, తాకట్టు పెట్టిన ఇల్లు మంచిదని అర్థం. ఒంగోలులోనూ నెల్లూరులోనూ చాలా ఏళ్లు అప్పుల విభాగంలో కూర్చుని ఈ కాగితాలు పరిశీలించినదాన్ని కనుక ఈ మాట కొంచెం గట్టిగానే అంటున్నాను. “శాంక్షన్ వచ్చేసింది మేడం” అంటూ స్వీట్ల డబ్బాతో వచ్చే తల్లిదండ్రుల ముఖాల్లో గొప్ప నిశ్చింత కనిపించేది. ఇంత పెద్ద బ్యాంకు అన్నీ చూసుకోకుండా లక్షలకు లక్షలు ఇస్తుందా అని వాళ్ల నమ్మకం. బ్యాంకు చూసిన మాట నిజమే. ఏమి చూసిందన్నదే వాళ్లు అడగరు.

మేము చూసేది దస్తావేజులు. ముప్ఫై ఏళ్ల వెనక్కి వెళ్లి ఆ స్థలం ఎవరి నుంచి ఎవరికి వచ్చిందో లింకు పత్రాలు చూస్తాం. ఆస్తి మీద పాత అప్పులు, లావాదేవీలు ఉన్నాయేమో చూపే ఈసీ తెప్పిస్తాం. వకీలు లీగల్ ఒపీనియన్ రాస్తాడు, ఇంజినీరు వచ్చి గోడలు కొలిచి విలువ కడతాడు. తండ్రి ఆదాయపు పన్ను రిటర్నులు, ఖాతా లావాదేవీలు చూస్తాం. దరఖాస్తులో కోర్సు పేరుకు, కాలానికి, ఫీజుకు గళ్లు ఉంటాయి. ఆ కోర్సులో ఏమి నేర్పుతారు, అది నేర్చుకున్నవాడు ఏ పనికి అర్హుడవుతాడు అని అడిగే గడి నేను చూసిన ఫారాల్లో లేదు. తాకట్టు లేకుండా ఇచ్చే ప్రైవేటు ఫైనాన్స్ కంపెనీలు విశ్వవిద్యాలయం ర్యాంకు, పరీక్ష మార్కులు కొంత చూస్తాయి. అయితే తాకట్టు లేదన్న భయాన్ని వడ్డీలో కలిపేస్తాయి, తండ్రి సంతకం ఎలాగూ తీసుకుంటాయి.

మన జిల్లాల రైతులకు అర్థం కాని విషయం ఇంకొకటి ఉంది. పదెకరాల మాగాణి ఉన్నా బ్యాంకు దాని మీద మొగ్గు చూపదు. ఊళ్లో ఉన్న చిన్న డాబానే అడుగుతుంది. కారణం సర్ఫేసీ చట్టం. బాకీ పడితే కోర్టు చుట్టూ తిరగకుండా ఆస్తిని స్వాధీనం చేసుకుని వేలం వేసే అధికారం 2002లో వచ్చిన ఆ చట్టం బ్యాంకులకు ఇచ్చింది, వ్యవసాయ భూమిని మాత్రం మినహాయించింది. అందుకే పొలం పదిలంగా ఉంటుంది, ఉంటున్న ఇల్లు తాకట్టుకు వస్తుంది. అప్పు చాలకపోతే అప్పుడు పొలమూ అమ్ముతారు, లేదా నూటికి రెండు రూపాయల వడ్డీకి బయట తెస్తారు. రెండు రూపాయలంటే ఏడాదికి ఇరవై నాలుగు శాతం. పొగాకు సీజనులో ఆకు కాల్చే బ్యారన్ పుల్లలకు తెచ్చే డబ్బుకూ అదే వడ్డీ కాబట్టి అది ఎక్కువనే స్పృహే పోయింది మనకు.

కొండపి వైపు నుంచి వచ్చిన ఒక జంట నాకు బాగా జ్ఞాపకం. కొడుకు అమెరికాలో ఎమ్మెస్‌కు వెళ్లాలి. ఇల్లు తల్లి పేరు మీద ఉంది, పుట్టింటివాళ్లు పసుపు కుంకుమల కింద ఇచ్చినది. ఇటువంటి తాకట్టులో యజమాని తన చేతులతో అసలు దస్తావేజులు తెచ్చి అధికారి చేతికి ఇవ్వాలి. ఆమె ప్లాస్టిక్ కవరులోంచి కాగితాలు తీసింది. మడతల దగ్గర చిరిగిపోకుండా వెనుక టేపు అంటించి ఉంది. నా చేతికి ఇస్తూ, భర్త వైపు చూడకుండా, “పిల్లవాడికి అక్కడ ఉద్యోగం రాకపోతే ఈ కాగితాలు ఏమవుతాయమ్మా?” అని అడిగింది. భర్త ఆమెను కసిరాడు. అపశకునం మాటలు మాట్లాడవద్దన్నాడు. నా ఉద్యోగ కాలంలో ఆ బల్ల ముందు విన్న అత్యంత తెలివైన ప్రశ్న అదే. కన్సల్టెన్సీవాడు అడగలేదు, విశ్వవిద్యాలయం అడగలేదు, మా ఫారం అడగలేదు. ఏమవుతుందో నేను చెప్పాను. ఆమె తల ఊపి సంతకం చేసింది. ఆ అబ్బాయికి ఉద్యోగం వచ్చింది, అప్పు తీరింది, కాగితాలు ఆమెకు తిరిగి ఇచ్చాము. అంత మాత్రాన ఆ ప్రశ్న అనవసరమైనది కాదు.

ఈ వ్యవహారంలో ఎవరి తూకం వాళ్లది. బ్యాంకు ఇంటిని తూస్తుంది. ఒంగోలు కర్నూలు రోడ్డు మీద బోర్డు పెట్టిన కన్సల్టెన్సీ కమిషన్‌ను తూస్తుంది. “మా సేవ పూర్తిగా ఉచితం” అని వాళ్లు చెప్పేది అబద్ధం కాదు, చాలా విదేశీ విశ్వవిద్యాలయాలు చేరిన విద్యార్థి ఫీజులోంచి ఏజెంటుకు వాటా ఇస్తాయి. అందువల్ల ఏ కోర్సు నీకు సరిపడుతుందన్న సలహా, ఏ కోర్సుకు వాటా ఎక్కువన్న లెక్క, రెండూ ఒకే నోటినుంచి వస్తాయి. బంధువులు పరువును తూస్తారు, పెళ్లి సంబంధాలను తూస్తారు. కోర్సును తూచేవాడు ఒక్కడూ ఉండడు. కిలోకు ఎన్ని తూగుతాయన్న కౌంటు చూడకుండా రొయ్యకు ధర కట్టే రైతు మన తీరంలో ఎవరైనా ఉన్నారా? పిల్లల చదువు దగ్గరకు వచ్చేసరికి కౌంటు అడగడం మర్యాద కాదనుకుంటాం.

కోర్సును తూచకపోతే ఏమవుతుందో తెలుగు ఇళ్లకు కొత్తగా చెప్పాల్సిన పనిలేదు. 2011లో కాలిఫోర్నియాలో ట్రైవ్యాలీ యూనివర్సిటీ మూతపడినప్పుడు చిక్కుకున్నవాళ్లలో ఎక్కువమంది మన పిల్లలే. కొందరి కాళ్లకు రేడియో కాలర్లు తగిలించిన ఫోటోలు పత్రికల్లో చూశాం. 2019లో మిషిగన్‌లో బయటపడిన ఫార్మింగ్టన్ యూనివర్సిటీ ఇంకా విచిత్రం. దాన్ని నడిపింది అమెరికా ప్రభుత్వ అధికారులే, వల పన్నడానికి. అందులో పాఠాలు లేవు, పంతుళ్లు లేరు. అయినా వందల మంది ఫీజు కట్టారు. మోసపోయిన పిల్లలున్నారు, తెలిసే చేరిన పిల్లలూ ఉన్నారు. ఆ రెండో రకం వాళ్లను నేను తిట్టలేను. ఇంట్లో అందరూ వీసాను కొంటూ దానికి చదువని పేరు పెట్టినప్పుడు, పాఠాలు లేని కళాశాల వాళ్లకు వింతగా తోచి ఉండదు.

వీసానే కొనేటట్లయితే ఆ సరుకునైనా పరీక్షగా చూడాలి కదా. అమెరికాలో సైన్సు, ఇంజినీరింగు చదివినవాడికి చదువయ్యాక పని చేసుకునే గడువు మొత్తం మూడేళ్లు. ఆలోపు అక్కడి ఉద్యోగ వీసా హెచ్-1బి రావాలి. ఏటా ఇచ్చేవి 65,000, అమెరికాలో పీజీ చేసినవాళ్లకు మరో 20,000. ప్రపంచమంతా అందులోనే పోటీ. 2025 సెప్టెంబరులో కొత్త హెచ్-1బి దరఖాస్తుకు లక్ష డాలర్ల రుసుము అని ప్రకటించినప్పుడు మా వీధిలో నిద్రపోని ఇళ్లు నాకు తెలుసు. అక్కడే చదివి హోదా మార్చుకునేవారికి అది వర్తించదని తర్వాత వివరణ వచ్చింది, ఊపిరి పీల్చుకున్నారు. ఒక ప్రకటనతో పోయి, ఒక వివరణతో తిరిగి వచ్చే ఆశ మీద ఇంటి కాగితాలు పెడుతున్నామన్న సంగతి మాత్రం అలాగే ఉంది. బ్రిటన్‌లో చదువయ్యాక రెండేళ్లు ఉండనిస్తున్న వీసాను 2027 జనవరి నుంచి దరఖాస్తు చేసేవారికి ఏడాదిన్నరకు తగ్గిస్తున్నారు. కెనడా 2024 నుంచి విద్యార్థుల సంఖ్యకే పరిమితి పెట్టింది. ఆ దేశాల మీద కోపం ఎందుకు? వాళ్ల అవసరం వాళ్లది. మన లెక్కలో ఆ అనిశ్చితికి ఒక అంకె ఉండాలి, అంతే.

ఇంతవరకు చదివినవాళ్లు నన్ను విదేశీ చదువుల వ్యతిరేకి అనుకుంటారు. మా అబ్బాయి జర్మనీలో చదివాడు. అక్కడి ప్రభుత్వ విశ్వవిద్యాలయాలు చాలావరకు ట్యూషన్ ఫీజు తీసుకోవు. ఏడాది ఖర్చుల డబ్బు ముందే ఒక ఖాతాలో వేసి చూపించాలి. ఇప్పుడది 11,904 యూరోలు. నెలనెలా కొంత చొప్పున ఆ డబ్బే విద్యార్థికి తిరిగి వస్తుంది. ఇల్లు తాకట్టు పెట్టకుండా పంపగలిగాం కనుక పంపాం, పంపినందుకు సంతోషంగానే ఉన్నాం.

అలాగే, “ఇక్కడే చదివితే ఖర్చేముంది” అనేవాళ్లతోనూ నాకు పేచీ ఉంది. ఖర్చు లేకపోవడమేమిటి? ల్యాబుకు తాళం వేసి ఉంచే కళాశాలలో గడిపిన నాలుగేళ్లు ఖర్చు కాదా? తనిఖీ వచ్చిన రోజు మాత్రమే కనిపించే అధ్యాపకులు, సీనియర్ల ప్రాజెక్టు రిపోర్టుకు అట్ట మార్చి ఇచ్చే జిరాక్సు షాపులు, ఫీజు రీయింబర్స్‌మెంట్ రాలేదని సర్టిఫికెట్లు ఆపే యాజమాన్యాలు మనకు తెలియనివా? ఆ ఫీజు రీయింబర్స్‌మెంటే లేకపోతే కనిగిరి, పామూరు వైపు ఎన్నో ఇళ్లలో మొదటి ఇంజినీరు పుట్టేవాడే కాదన్నది కూడా నిజమే. స్థానికం అన్నంత మాత్రాన మంచిదని, చవక అని అనుకోవడం, విదేశం అన్నంత మాత్రాన గొప్పదనుకోవడం లాంటి బద్ధకమే. రెండింటినీ ఒకే ప్రశ్న అడగాలి. ఈ పట్టా చేతికొస్తే, ఇప్పుడు నన్ను చేయనివ్వని ఏ పని చేయనిస్తారు?

ఈ ప్రశ్నకు సూటిగా జవాబు తెలిసి విదేశం వెళ్లినవాడు మన జిల్లాలోనే ఉన్నాడు, జిల్లాకు పేరే ఆయనది. వినోదరాయునిపాలెంలో పుట్టిన టంగుటూరి ప్రకాశం పంతులు రాజమండ్రిలో రెండో తరగతి ప్లీడరుగా బాగా సంపాదిస్తున్న రోజుల్లో, పురపాలక సంఘం అధ్యక్షుడిగా కూడా ఉండి, 1904లో ఇంగ్లండు బయలుదేరారు. తెలివి, వాక్చాతుర్యం, కక్షిదారులు అన్నీ ఉన్నాయి. లేనిదల్లా పై కోర్టులో నిలబడి వాదించే అర్హత. అది బారిస్టరు పట్టాతో వస్తుంది, ఆ పట్టా లండనులోనే దొరుకుతుంది. 1907లో తిరిగి వచ్చి మద్రాసు హైకోర్టులో ప్రాక్టీసు పెట్టారు. చేస్తున్న పనిలో ఎక్కడ అడ్డు తగిలిందో తెలుసుకుని, దాన్ని దాటడానికే వెళ్లారు. ఇప్పుడు మా దగ్గరకు వచ్చే పిల్లల్లో ఎక్కువమంది పని మొదలే పెట్టలేదు. ఎక్కడ అడ్డు తగులుతుందో వాళ్లకు తెలిసే వీలే లేదు. అందుకే బీటెక్ అవగానే వెళ్లడం కంటే రెండు మూడేళ్లు ఉద్యోగం చేసి వెళ్లినవాళ్లు తమకు కావలసినదేదో తేల్చి చెప్పగలరని నా అనుభవం.

ఈ వ్యాసం రాయడానికి అసలు కారణం మా చెల్లెలి కూతురు. నెల్లూరు జిల్లా ముత్తుకూరు మత్స్య కళాశాలలో మత్స్య శాస్త్ర డిగ్రీ బి.ఎఫ్.ఎస్‌సి. పూర్తి చేసింది. జలచరాల రోగాల మీద పైచదువు చదవాలని కోరిక. స్కాట్లాండ్‌లో స్టిర్లింగ్ విశ్వవిద్యాలయంలో ఆక్వాకల్చర్ విభాగానికి ప్రపంచంలో పేరుంది, అక్కడ ఏడాది మాస్టర్స్‌కు సీటు వచ్చింది. రెండో దారి, మళ్లీ ముత్తుకూరులోనే రెండేళ్ల పీజీ, ఎం.ఎఫ్.ఎస్‌సి. మా మరిదికి కొత్తపట్నం దగ్గర రొయ్యల చెరువులున్నాయి. “వదినా, మీరు బ్యాంకులో చేశారు కదా, మీరే తేల్చండి” అని ఫైలు నా ముందు పెట్టాడు.

లెక్కతో మొదలుపెట్టాను. ఫీజు, బస, తిండి, వీసా, అక్కడి ఆరోగ్య సర్‌చార్జి, టికెట్టు కలిపితే 40 లక్షలు దాటింది. 40 లక్షలకే చూద్దాం, పది శాతం వడ్డీ. చదువు ఏడాది, తర్వాత కిస్తీ కట్టనక్కర్లేని గడువు ఇంకో ఏడాది. ఆ రెండేళ్లూ వడ్డీ ఆగదు, 8 లక్షలు చేరుతుంది. 48 లక్షలను పదేళ్లలో తీర్చాలంటే నెలకు 63,400 రూపాయలు. మొత్తం కట్టేది 76 లక్షలు. విడతలుగా తీసుకుంటే కొద్దిగా తగ్గుతుంది. పౌండ్లలో జీతం వస్తే ఇది కష్టమేమీ కాదు. కానీ అక్కడ స్థిరంగా పని చేయాలంటే కావలసిన స్కిల్డ్ వర్కర్ వీసాకు సాధారణంగా ఏడాదికి 41,700 పౌండ్ల జీతం చూపించాలి, చదువు ముగించి కొత్తగా చేరేవారికి 33,400. ఆ మెట్టు ఎక్కలేకపోతే ఇక్కడికి వచ్చి, మేత కంపెనీలోనో హేచరీలోనో మొదటి ఉద్యోగంతో ఆ కిస్తీ కట్టాలి. మరిది కాగితం వైపు చూసి, “చెరువులు ఉన్నాయిగా” అన్నాడు.

చెరువుల మాట వచ్చింది కాబట్టి చెప్పాలి. ఆ చెరువుల పంట చివరికి వెళ్లేది ఎక్కువగా అమెరికా బల్లల మీదికే. 2025 ఆగస్టులో మన సరుకు మీద సుంకం యాభై శాతానికి పెంచినప్పుడు ఆ దెబ్బ ఇక్కడి రేటు మీద పడింది. దానికి ముందు వైరస్ ఎలాగూ ఉంది. 1994-95లో నెల్లూరు, ప్రకాశం తీరమంతటా వైట్ స్పాట్ అనే వైరస్ రోగం టైగర్ రొయ్యను ఊడ్చిపెట్టినప్పుడు మా బంధువుల్లోనే చెరువులు వదిలేసి హైదరాబాదు వెళ్లిపోయినవాళ్లున్నారు. 2009లో వనామీ అనే విదేశీ రకం రొయ్యకు అనుమతి వచ్చాక మళ్లీ నిలదొక్కుకున్నారు. అలాంటి ఆదాయాన్ని పూచీగా పెట్టి పదేళ్ల కిస్తీ మోస్తాననడం బ్యాంకు మనిషిగా నాకు రుచించలేదు.

డబ్బు సంగతి పక్కన పెట్టి చదువునే తూచినా, నాకు కనిపించినది వేరు. ఒకరోజు తెల్లవారుజామున మరిది మేత తిన్నదీ లేనిదీ చూసే చెక్ ట్రేను చెరువులోంచి పైకి లాగి రెండు రొయ్యలు తీసి వెలుతురుకు పట్టి చూశాడు. వీపు మీద పేగు గీత నిండుగా, నల్లగా ఉండాలి. అక్కడక్కడ తెగి, తెల్లబారి ఉంది. వెంటనే ముఖం మారిపోయింది. అమ్మాయి కూడా చూసి, ఇది రొయ్య ఎదుగుదల ఆపేసే ఈహెచ్‌పీ రోగం కావచ్చు, ల్యాబులో పీసీఆర్ పరీక్ష చేయించకుండా మందుల షాపువాడు ఇచ్చినవి పోయవద్దని చెప్పింది. షాపువాడు ఇచ్చేవి ఎలాగూ పోస్తాడు, ఎందుకంటే ఊరికే ఉండడం రైతుకు చేతకాదు. తను చదవాలనుకుంటున్న సమస్య ఇదే. ఆ రోగమూ, ఆ చెరువూ, ఆ రైతూ ఇక్కడే ఉన్నారు. స్టిర్లింగ్ చుట్టుపక్కల పరిశ్రమ సాల్మన్‌ది, చల్లని సముద్రంలో వల గూళ్లలో పెంచే చేప. రొయ్య మీద పరిశోధన అక్కడా జరుగుతుంది, కాదనను. కానీ ఏడాది మాస్టర్స్‌లో పాఠాలు, పరీక్షలు పోగా చేతికి మిగిలేది కొద్ది నెలల ప్రాజెక్టు. ముత్తుకూరులో రెండేళ్లు చదివితే, మధ్యలో ఎన్ని పంటలు చూస్తుంది! ఉప్పునీటి సాగు పరిశోధనకు కేంద్ర సంస్థ సీబా చెన్నైలోనే ఉంది, నెల్లూరు నుంచి రైలెక్కితే మూడు నాలుగు గంటలు.

అన్నిటికంటే ముఖ్యమైన విషయం మన ఇళ్లలో చాలామందికి ఎవరూ చెప్పరు. విదేశంలో మాస్టర్స్‌కు మనం డబ్బు కట్టాలి, సైన్సు పరిశోధనకు చాలా చోట్ల వాళ్లే మనకు డబ్బిస్తారు. ఇక్కడ ఎం.ఎఫ్.ఎస్‌సి.లో మంచి పని చేసి, ఒకటి రెండు పరిశోధన పత్రాలు వేసి, తర్వాత అదే స్టిర్లింగ్‌కో ఇంకో చోటికో పీహెచ్‌డీ విద్యార్థిగా వెళితే స్టైపెండ్ మీద వెళ్లవచ్చు. మాస్టర్స్‌కే వెళ్లాలన్నా, యూరప్‌లో ఎరాస్మస్ ముండస్ ఉపకార వేతనం నెలకు 1,400 యూరోలు. బ్రిటన్ ఇచ్చే చీవెనింగ్‌కు రెండేళ్ల పని అనుభవం అడుగుతారు, తిరిగి వచ్చి రెండేళ్లు స్వదేశంలో ఉండాలంటారు. ఇవి అందరికీ వచ్చేవి కావు. కానీ ప్రయత్నించి రాకపోతే పోయేది దరఖాస్తుకు పట్టిన సమయం, ఇల్లు కాదు.

ఇదంతా అమ్మాయికి చెప్పాను. శ్రద్ధగా విని, “పెద్దమ్మా, మీరు చెప్పింది లెక్క ప్రకారం సరే. నాకు మాత్రం ఒకసారి ఈ ఊరు దాటి, ఎవరి పిల్లనో ఎవరికీ తెలియని చోట బతకాలని ఉంది. ఆ కోరికకు మీ లెక్కలో గడి ఎక్కడ?” అంది.

ఈ కోరికను నేను తేలికగా తీసుకోను. మన వైపు ఆడపిల్లలకు ఇంటి నుంచి బయటపడే దారులు రెండే, ఒకటి చదువు, రెండోది పెళ్లి. మొదటి దారి పట్టాలనుకునే పిల్లను తప్పుబట్టే నోరు నాకు లేదు. అదే మా మరిదికి ఉన్నది అబ్బాయి అయితే ఇంత చర్చ జరిగేదా అన్న అనుమానం కూడా నాకుంది. పొగాకు అమ్మి కొడుకులను పంపినప్పుడు ఇంత లెక్క వేసినవాళ్లను నేను చూడలేదు. కూతురి దగ్గరకు వచ్చేసరికి అందరూ ఆడిటర్లవుతారు. నన్ను కలుపుకునే అంటున్నాను. కాకపోతే, ఊరు దాటడానికి 76 లక్షలు అవసరం లేదు. ముంబైలో వెర్సోవా దగ్గర కేంద్ర మత్స్య విద్యా సంస్థ ఉంది. దేశం నలుమూలల నుంచి వచ్చే పిల్లలతో హాస్టలు, మాస్టర్స్ నుంచి పీహెచ్‌డీ వరకు చదువు. అక్కడా ఆమె ఎవరి పిల్లో ఎవరికీ తెలియదు.

మరిదికి నేను పెట్టిన షరతు ఒకటే. ఏ నిర్ణయం చేసినా, ఆ 63,400 లెక్కను చెల్లెలి ముందు మళ్లీ మొదటి నుంచి వేసి చూపించాలి. ఇల్లు ఆమె పేరు మీద ఉంది, కాగితాలు ఇవ్వాల్సిన చేతులు ఆమెవి. చూపించాడు. చెల్లెలు సాంతం విని, వడ్డీ ఎందుకు ఆగదో రెండుసార్లు అడిగి తెలుసుకుని, “మూడేళ్లు ఆగితే వాళ్లే డబ్బిచ్చి చదివిస్తారని అక్క అంటోందిగా, ఆగమను” అంది. మరిదికి అది నచ్చలేదు, తోటి రైతుల పిల్లలు ఎవరెవరు ఎక్కడెక్కడ ఉన్నారో లెక్కపెట్టడం మొదలుపెట్టాడు. అమ్మాయి ఆగుతానని అనలేదు, వెళ్తాననీ అనలేదు. స్కాట్లాండ్ సీటుకు డిపాజిట్ కట్టాల్సిన గడువు ఇంకా ఉంది. ముంబై ప్రవేశ పరీక్షకు మాత్రం ఫారం నింపింది.